శవం నంబర్ రెండు

ఐతారం. సెలవు.
రెండు వందల దిర్హాములు, ఒక బిర్యానీ డబ్బ.
రస్ అల్ ఖైమా అవతల, మనుషులిడిసిన ముత్యాలోళ్ల పాతూర్ల
సముద్రపు రాళ్ల గోడ కింద
నన్ను సచ్చి పడుకొమ్మన్నరు.

మేకప్పాయన సజీవన్, కన్నూరాయన,
చక్కెర పాకంల ఎర్రరంగు కలిపి
కణత మీదికెల్లి చెవు దాక కార్పిచ్చిండు.
నెత్తురు ఉత్తదే. ఈగలు అసలువి.
డైరెక్టరు జెప్పింది ఒక్కటే: ఊపిరి కనవడద్దు.

గదెంత పని?
పన్నెండేండ్ల సంది షట్టరింగు జేత్తున్న.
ఫోర్‌మెన్ మీది అంతస్తుకచ్చినప్పుడల్ల
ఊపిరి బట్టుకునే ఉంట.

ఆర్నెల్లకు అది ఫోన్లల్లకు అచ్చింది.
ఎనిమిది భాగాలు.
ఉల్లిగడ్డల బుట్టకు ఫోన్ ఆనిచ్చి
ఆరు మంచాల మీద పన్నెండు మందిమి.
నా పేరు ఆఖర్న పడ్తదని కండ్లు ఇప్పుకొని సూసినం.
గుర్రానికి పేరున్నది.
నేను శవం నంబర్ రెండు.

ఎవలు సంపిండ్రు? గదే లొల్లి.
ఎడ్ల గంగారాం పెట్రోల్ బంకాయన మీద
ఇరవై దిర్హాములు కట్టిండు.
కాదు, మందుల షాపామె అంటడు దుబ్బ రాజేశం.
పక్క రూం గుల్ నవాజ్, పేషావరోడు, ముందే సూసినోడు,
మీసాలల్ల నవ్వుకుంట చాయ్ తాగవట్టె.
తీరా సూత్తే వంటాయన.
"ఎనిమిది గంటలు తిప్పి తిప్పి వంటాయనా!"
గంగారాం సెప్పు ఇసిరిండు.
ఉల్లిగడ్డలు మంచాల కిందికి దొర్లినయి.
"గీ కతలల్ల ఎప్పటికి గంతేరా.
మనోడైతే హంతకుడు, కాకుంటే శవం.
కుర్సీల కూసుండి ఆలోచించేటోడు ఇంకోడు."

ఇంటికాడ పోసవ్వ సుత సూసింది.
నా మొకం మీద గుడ్డనే ఉన్నది.
ఎడమ కాలి బొటనేలుకు గోరు లేదు గద,
దాన్ని సూసి పోల్చుకున్నది.
ఏడ్వలే. గంటసేపటికి ఫోన్ జేసి
"ఇంకోపారి గట్ల పండకు" అన్నది. పెట్టేసింది.

ఎవలకు చెప్పని ముచ్చట ఒకటున్నది.
మొదటి భాగంల ఇన్‌స్పెక్టరమ్మ
నా పక్కన ఇసుకల మోకాళ్ల మీద కూసుంటది.
నా చెయ్యి లేవట్టి
గోర్ల సందుల సిమెంటు సూదితోటి తీసి
చిన్న కవర్ల ఏసి, దాని మీద ఏందో రాసుకుంటది.
"మన్ హాదా?" అని అడుగుతది. ఎవలీయన?
గా ఒక్క మాట కోసం ఎనిమిది భాగాలు నిద్రపోదు,
పెనిమిటితోటి లడాయి వెట్టుకుంటది,
నౌకరి పోగొట్టుకుంటది.
నా గోర్ల గురించి గంతసేపు ఆలోచించిన మనిషి
ఇప్పటిదాక ఆమెనే.

భూమన్న మా రూమే. నా మీది మంచం.
పోయిన ఆగస్టుల పండుకున్నోడు లేవలే.
కాయితం మీద ఒక్కటే లైను: గుండె ఆగింది.
ఆగని గుండెతోటి ఎవలన్న సచ్చిండ్రా సారూ?
సగం తాగిన నీళ్ల సీసాను ఎవలు కవర్ల ఏయలే.
డ్యూటీ కార్డు మీది పదారు గంటలను ఎవలు కూడలే.
ఆ పగలు ఎండల రెండుపార్లు కక్కుకున్నడు.
అది ఎవలు అడగలే.
మేమూ చెప్పలే.
ఆయన ఫోన్‌కు తాళముండె.
పొద్దుగాల నాలుగున్నర అలారం
మూడు దినాలు కొట్టుకున్నది,
ఛార్జింగ్ అయిపోయేదాక.

నిన్న సజీవన్ పిలిచిండు.
రెండో సీజన్ తీత్తున్నరట.
ఈసారి లేసి నిలవడే పాత్ర. సాక్షి.
మాట సుత ఉన్నది:
"నేనేం సూడలే సార్."

సిమెంటు బస్తాల పక్కన నిలవెట్టి
ఒకపారి అనిపిచ్చుకున్నరు.
ఇంకోపారి అంటనన్న.
అక్కర లేదన్నరు.
మొదటిసారికే సరిగచ్చిందట.